సగం మాత్ర

కుర్చీ విసిరింది నిజమే. అది ఎవరికీ తగల్లేదన్నదీ నిజమే. ప్రిన్సిపాల్ గదిలో మొదటి నిజం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడారు. రెండోదాని ఊసే ఎత్తలేదు.

పిల్ల తల్లి తను పనిచేసే మందుల షాపు నుంచి ఉన్నపళంగా పరిగెత్తుకొచ్చింది. ఒంటి మీద షాపు తెల్లకోటు అలాగే ఉంది. కోటు జేబులో మాత్రల స్ట్రిప్పులు కత్తిరించే చిన్న కత్తెర తొడకి గుచ్చుకుంటోంది. తొమ్మిదేళ్ళ కూతురు గది బయట బల్ల మీద, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, గోడకేసి తిరిగి కూర్చుంది. తల్లి వచ్చిందని తెలిసీ తల తిప్పలేదు.

పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది, ఏ చిన్న చప్పుడైనా ఉలిక్కిపడేది. అందుకని ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునేవాళ్ళు. ఆ పేరు ఎలాగో బళ్ళోకి పాకింది. పిచ్చుకని పిచ్చిగా మార్చుకోవడానికి తోటి పిల్లలకి ఒక్క పూట చాలింది.

"తరగతిలో నలభైమంది పిల్లలున్నారండీ. వాళ్ళ గురించి కూడా నేను ఆలోచించాలి కదా" అంది ప్రిన్సిపాల్, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"ఎందుకు విసిరిందో ఎవరైనా అడిగారా?"

"పాఠం పైకి చదవమన్నాను, అంతే" అంది క్లాసు టీచరు. ఆవిడ బీరువాకి ఆనుకుని నిలబడి ఉంది. "నిలబడింది గానీ నోరు పెగల్లేదు. వెనకనుంచి ఎవరో 'చదవవే పిచ్చీ' అన్నారు. పిల్లలు నవ్వారు."

"మీరు?"

"నేనా? నేనూ కాస్త... అంటే, పిల్లలు నవ్వుతుంటే ఎవరికైనా నవ్వొస్తుంది కదండీ."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట మాటగా మారేలోపే ప్రిన్సిపాల్ అందుకుంది. "చూడండి, మేం మీ మంచికే చెప్తున్నాం. పిల్లల మానసిక వైద్యులుంటారు, చూపించండి. మందు మొదలుపెట్టినట్టు డాక్టరు చేత కాగితం రాయించుకు రండి. ఆ రోజు నుంచి పంపించొచ్చు. అప్పటిదాకా ఇంట్లో ఉంచుకోండి."

"మందు వెయ్యాలో వద్దో డాక్టరు చెప్పాలా, మీరు చెప్పాలా?"

"కోప్పడితే ఎలాగండీ? పిల్లకి ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తూనే ఉంది."

క్లాసు టీచరు మళ్ళీ నవ్వబోయి ఆపుకుంది.

దారిలో పిచ్చుక అడిగింది, "రేపు బడి ఉందా?"

"లేదు."

"ఎల్లుండి?"

"తెలీదు."

పిల్ల మొహంలో ఒక్క క్షణం సంతోషం కనిపించి, అంతలోనే ఇంకేదో భయం కమ్మేసింది. తల్లి చెయ్యి వదిలేసి తన మణికట్టు కొరుక్కోవడం మొదలుపెట్టింది.

ఆమె కోపమంతా బడి మీదే అంటే అబద్ధమవుతుంది. బళ్ళో ఏడాది మొత్తానికి ఒక్క కుర్చీ ఎగిరింది. ఇంట్లో రోజూ ఏదో ఒకటి ఎగురుతూనే ఉండేది. మేజోడు కుట్టు వేలికి తగిలిందని గంటన్నర ఏడుపు. సాయంత్రం ఐదింటికి వస్తానన్న తల్లి ఐదూ పదికి వస్తే, ఆ పది నిమిషాల్లో తల్లి చచ్చిపోయిందని నిశ్చయం చేసుకుని తలుపుకి తల బాదుకోవడం. వద్దన్నకొద్దీ కొరుక్కోవడం, పట్టుకుంటే రక్కడం. ఆ ఉధృతి కాస్తా పోయాక జ్వరం దిగినదానిలా చెమటలతో కూర్చుని అందరికీ సారీ చెప్పేది. తను పగలగొట్టిన గ్లాసుకి కూడా చెప్పేది. ఒకరోజు పొద్దున ఓపిక చచ్చి ఆమె పిల్ల చెంప మీద ఒక్కటిచ్చింది. ఐదు వేళ్ళూ తేలాయి. ఆ రోజు షాపులో ఏ కవరు మీద ఏం రాసిందో, ఎవరికేం ఇచ్చిందో ఆమెకి గుర్తులేదు.

ఇక పిల్ల తండ్రి. లిఫ్టులు బాగుచెయ్యడం అతని పని. నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఇరుక్కున్న మనుషులు గావుకేకలు పెడుతుంటే, కింద నిలబడి నింపాదిగా "ఏం కాదండీ, చూద్దాం" అనే మనిషి. ఇంట్లోనూ అదే మాట. పిల్ల తల బాదుకుంటున్నా నిమ్మకి నీరెత్తినట్టు "చూద్దాం" అంటాడు. ఆమె కోపంలో అతన్ని చూద్దాం గారూ అని పిలిచేది. ప్రేమలోనూ అలాగే పిలిచేది గానీ, అది ఈమధ్య మానేసింది.

డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురూ వెళ్ళారు. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. పిల్లతో విడిగా ముప్పావుగంట గడిపింది. తర్వాత పిల్లని బొమ్మల గదిలో వదిలి తల్లిదండ్రుల్ని పిలిచింది.

"ఇది పొగరు కాదు. మీ పెంపకంలో తప్పూ కాదు. భయం. రోజంతా వెనక ఎవరో తరుముతున్నట్టే ఉంటోంది పాపకి. పారిపోయే దారి లేనప్పుడు తిరగబడుతోంది."

పెంపకంలో తప్పు కాదన్న ముక్క వినగానే ఆమెకి కళ్ళ నీళ్ళు రావలసింది. రాలేదు. ఇన్నాళ్ళూ తప్పు నీదే అన్న ప్రతి మొహమూ వరసగా గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

"వారానికోసారి ఇక్కడికి తీసుకురండి. మాట్లాడతాం, ఆడతాం, భయాన్ని ఎలా పట్టుకోవాలో నేర్పుతాం. అదే అసలు వైద్యం. కానీ ఇప్పుడున్న స్థితిలో నేనేం చెప్పినా పాప చెవికెక్కదు. కాస్త తెరిపి ఇవ్వడానికి మందు సాయపడుతుందని నా అభిప్రాయం. సగం మాత్రతో మొదలుపెడదాం. తొందరేం లేదు, ఆలోచించుకోండి."

"మత్తుగా పడి ఉంటుందా?"

"ఉంటే మోతాదు తప్పయినట్టు, మార్చుకుందాం. మొదటి వారాల్లో కడుపునొప్పి రావచ్చు, నిద్ర చెడొచ్చు, చిరాకు పెరగొచ్చు కూడా. కనిపెట్టుకుని ఉండాలి. ఏ కాస్త తేడా అనిపించినా నాకు ఫోన్ చెయ్యండి. మీ అంతట మీరు ఆపెయ్యకండి. ఫలితం తెలియడానికి నెల, నెలన్నర." డాక్టరమ్మ కాగితం తిప్పింది. "రెండు వైపులా ఇలాంటి భయాలు గానీ, దిగులు గానీ, వాటికి మందులు వాడినవాళ్ళు గానీ ఉన్నారా?"

"మా నాన్నకి కోపం" అంది ఆమె. "దానికి మందులేం వాడలేదు. మమ్మల్ని వాడుకున్నాడు."

డాక్టరమ్మ రాసుకుంది. "మీ వైపు?"

అతను బూట్లకేసి చూసుకున్నాడు. "మా వైపు ఎవరూ లేరండీ."

బడివాళ్ళు అడిగిన కాగితం సంగతి చెబితే డాక్టరమ్మ కలం మూత పెట్టేసింది. "మందు వేస్తేనే బడి అని రాసే కాగితం నా దగ్గర లేదు. ఆ పిల్లని బళ్ళోకి రానివ్వాలి, ఎలా చూసుకోవాలి అన్నదైతే రాసిస్తాను. మందు సంగతి మీ ఇంటి విషయం."

మందుచీటీ తెచ్చి ఆమె ఫ్రిజ్ మీద పెట్టింది. ఆ మాత్ర ఆమెకి కొత్తది కాదు. షాపులో కుడిపక్క మూడో సొరుగు, వెనక వరస. కళ్ళు మూసుకుని తియ్యగలదు.

ఆ సాయంత్రమే వదిన వచ్చింది. వదినంటే భర్తకి అక్క. పక్క వీధిలో ఒంటరిగా ఉంటుంది, బట్టలు కుడుతుంది. అమ్మానాన్నలిద్దరూ పనుల్లో ఉంటారు కాబట్టి బడి వదిలాక పిచ్చుక ఆవిడ దగ్గరే ఉంటుంది, కుట్టుమిషను పక్కన కూర్చుని గుండీలు రంగుల వారీగా ఏరుతుంది. పిల్లంటే ఆవిడకి ప్రాణం. అందులో అనుమానం లేదు. అందుకే ఆవిడ మాట ఆ ఇంట్లో చెల్లుతుంది.

"పసిపిల్లకి మతి మందులా? మీకేమైనా మతి పోయిందా?" ఆవిడ గుమ్మంలోనే అందుకుంది. "నా దగ్గర బంగారంలా ఉంటుందిరా అది! గుండీలు ఏరుకుంటూ గంటలు గంటలు కూర్చుంటుంది. ఇంట్లో తల్లి కనబడక దిగులు పెట్టుకుంటే దానికి మాత్రలా? రోజంతా ఊరందరికీ మందులమ్మి, చివరికి ఇంటికి కూడా తెచ్చావా అమ్మాయ్?"

"డాక్టరమ్మ చెప్పింది వదినా."

"డాక్టర్లకేం, చెప్తారు. ఒకసారి ఆ ముద్ర పడిందంటే జన్మలో పోదు. రేపు దాని చదువేం కాను, పెళ్ళేం కాను? ఆ మందులు ఎవరు వాడారు, ఏమయ్యారు, మనకేం తెలుసు? మన ఇంటా వంటా ఉందా ఇది?"

ఆమె భర్త వైపు తిరిగింది. "మీరేమంటారు?"

అతను గోడకి కొట్టిన సున్నం పెచ్చు గిల్లుతున్నాడు. "చూద్దాం" అన్నాడు.

చూస్తూ చూస్తూ పన్నెండు రోజులు గడిచాయి. చీటీ ఫ్రిజ్ మీదే ఉంది. బడి లేని పిల్ల పొద్దుటినుంచి వదిన దగ్గరే ఉంటోంది. ఆమె చీటీని తీసి చదివేది, మళ్ళీ అక్కడే పెట్టేది. ఇవ్వాలంటే భయం, ఇవ్వకుండా ఉండాలన్నా భయం. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది సంగతి. పిల్లా వదినా, ఇద్దరికిద్దరూ ఆమె ఇంట్లోవాళ్ళే.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం షాపుకి ఒకతను వచ్చాడు. అవతల మనిషి వెళ్ళేదాకా దగ్గుమందుల బోర్డు చదువుతున్నట్టు నటించి, కౌంటరు మీదికి వంగి చీటీ మడతలోనే అందించాడు. పన్నెండేళ్ళ కొడుక్కి. మూడో సొరుగు, వెనక వరస. ఆమె స్ట్రిప్ కత్తిరించి కవర్లో పెట్టింది. ఉదయం ఒకటి, తిన్నాక అని రాసింది. అతను కవరు లోపలి జేబులో దోపుకుని, దొంగసొత్తు పట్టుకుపోతున్నవాడిలా గబగబా మెట్లు దిగాడు.

పోయినేడు ఇలాంటి తండ్రే ఒకడు వెళ్ళగానే, తోటి పనిచేసే అమ్మాయితో ఆమె ఒక మాటంది. "పెంచే ఓపికలేదు, మందు మింగించి మూల కూర్చోబెడతారు." ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. ఆ మాటా ఆ నవ్వూ ఇప్పుడు గుర్తొచ్చాయి. ఆమెకి ప్రపంచంలో అందరి మీదా ఉన్న కోపం ఒక్కసారి తన మీదికి మళ్ళింది. కత్తెర సొరుగులో పడేసి, వెనక గదిలోకి వెళ్ళి, ఖాళీ అట్టపెట్టెని కాలితో తన్నింది. ఒకటికి రెండుసార్లు తన్నింది.

పదమూడో రోజు షాపులో రద్దీ. ఐదూ ఇరవై అయింది ఆమె వదిన ఇంటి మెట్లెక్కేసరికి. మెట్ల మీదే వినబడింది, పిల్ల గొంతు కాదు, వదిన గొంతు. "వదులు తల్లీ, వదులు, రక్తమొస్తోంది, వదులు."

పిచ్చుక కుట్టుమిషను కిందికి దూరి ఉంది. ముంజేతిని నోట కరిచిపట్టింది. వదిన నేల మీద బోర్లా పడుకుని, పిల్ల దవడ విప్పడానికి చూస్తోంది. తల్లి గొంతు వినగానే పట్టు సడలింది. చేతి మీద నాలుగు పళ్ళ గాట్లు, రెండింట్లోంచి రక్తం.

"నువ్వు రాలేదు" అంది పిల్ల, ఎగశ్వాసలో. "నువ్వు రాలేదు. నువ్వు రాలేదు."

"వచ్చానమ్మా. ఇదిగో, వచ్చాను. వదినా, దూది ఎక్కడుంది?"

"బీరువా... కింది సొరుగు" అంటూనే వదిన లేవబోయింది. "ఉండు, నేను తీస్తా, నువ్వుండు!"

అప్పటికే ఆమె సొరుగు లాగేసింది. దూది కట్ట తీసింది. దాని వెనక ఒక గుడ్డసంచీ, మూతి విప్పి ఉంది. అందులో స్ట్రిప్పులు. అదే మాత్ర. పెద్ద మోతాదుది. ఒకదాంట్లో నాలుగు గుంటలు ఖాళీ. తయారైన తేదీ కూడా మొన్నమొన్నటిదే.

ఆమె ముందు గాయం కడిగింది. మందు రాసింది, దూది పెట్టి కట్టు కట్టింది. పిల్ల చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టి, పక్కగదిలో కూర్చోబెట్టి, మొగుడికి ఫోన్ చేసి రమ్మంది. అప్పుడు వెళ్ళి గుడ్డసంచీ కుట్టుమిషను మీద బోర్లించింది.

"ఇవేంటి వదినా?"

వదిన స్ట్రిప్పుల మీద గుడ్డముక్క కప్పబోయింది. "అవా... బట్టలివ్వడానికొచ్చినావిడ ఎవరో మర్చిపోయి..."

"పన్నెండేళ్ళుగా మందులమ్ముతున్నాను. నాకా చెప్తున్నారు?"

వదిన మిషను చక్రం పట్టుకుని నిలబడిపోయింది. అప్పుడే అతను వచ్చాడు, చేతులకి లిఫ్టు తాళ్ళ జిడ్డుతో. మిషను మీది స్ట్రిప్పుల్ని చూశాడు. భార్య మొహం చూశాడు. ఆ పూట చూద్దాం అనలేదు.

"మీకూ తెలుసన్నమాట" అంది ఆమె.

"అక్క ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుంది. పదిహేనేళ్ళ కింద సంగతి."

"డాక్టరమ్మ అడిగితే ఏం చెప్పారు? మా వైపు ఎవరూ లేరండీ! ఈవిడ వచ్చి, ఆ మందులు ఎవరు వాడారు, ఏమయ్యారు అని నన్ను నిలదీస్తుంటే మీరేం చేశారు? సున్నం గిల్లారు! ఇద్దరికీ తెలుసు. ఆ మందేంటో, పనిచేస్తుందో లేదో, వేసుకుంటే మనిషి ఏమవుతుందో, మొత్తం తెలుసు. తెలిసి పన్నెండు రోజులు నన్ను ఒంటరిగా ఏడవనిచ్చారు!"

"మెల్లగా... పాప వింటుంది" అన్నాడతను.

"విననివ్వండి! విననివ్వకుండా దాచిదాచే ఇక్కడిదాకా వచ్చింది!"

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందమ్మాయ్" అంది వదిన.

"పడనివ్వండి వదినా. దాని చెయ్యి చూశారుగా? మీరు దాచిపెట్టిన పరువంతా దాని చేతి మీదుంది, నాలుగు గాట్లు."

వదిన స్టూలు మీద కూలబడింది. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. పెళ్ళయిన రెండో ఏడు మొదలయిందట. వీధిలో నడుస్తుంటే ఊపిరందేది కాదు. చీకటి గదిలో నుంచి బయటికి రాలేకపోయేది. తమ్ముడే తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాడు. మందుతో ఆరునెల్లలో మనిషయింది. వంట చేసింది, నవ్వింది, మిషను నేర్చుకుంది. అప్పుడు అత్తగారికి తలగడ కింద ఆ స్ట్రిప్ దొరికింది. వారం తిరక్కుండా పెట్టె సర్ది పంపించేశారు. పిచ్చి మందు మింగేదాన్ని అంటగట్టారని. భర్త అనే ఆయన గుమ్మం దాకా కూడా రాలేదు.

"మందు నన్ను నిలబెట్టింది. మందే నా ఇల్లు కూల్చింది" అంది వదిన. "ఇప్పటికీ రెండు బస్సులు మారి వెళ్ళి తెచ్చుకుంటాను. ఆ ముద్ర దానికి పడకూడదనే అమ్మాయ్. దాని మీద ప్రేమ లేక కాదు."

మరో రోజయితే ఆమె వదిన చెయ్యి పట్టుకునేదేమో. "మీ ఇల్లు మందు కూల్చలేదు. మీ అత్తగారు కూల్చింది" అంది. "అయినా మీ మీద జాలిపడే ఓపిక నాకు ఇవాళ లేదు. నన్నన్న మాటలన్నీ నాకు గుర్తున్నాయి. తల్లి కనబడక అన్నారు. ఊరందరికీ అమ్మి ఇంటికి తెచ్చావా అన్నారు. ఆ మాటంటున్నప్పుడు మీ కింది సొరుగు మీకు గుర్తు రాలేదా?"

వదిన స్ట్రిప్పులన్నీ మళ్ళీ గుడ్డసంచీలో వెయ్యడం మొదలుపెట్టింది.

అప్పుడు గమనించారు, పిచ్చుక గుమ్మంలో నిలబడి ఉంది. కట్టుకట్టిన చేత్తో గుండీల డబ్బా పట్టుకుంది.

"అత్తా, నీక్కూడా అవుతుందా? ఊపిరందకపోవడం?"

"అయ్యేది తల్లీ. ఇప్పుడు తక్కువ."

"నాకెందుకు చెప్పలేదు?" పిల్ల గొంతు కీచుమంది. "రోజూ నీ పక్కనే కూర్చున్నాను కదా! నాకొక్కదానికే అనుకున్నాను! నేనొక్కదాన్నే అనుకున్నాను!"

డబ్బా నేలకేసి కొట్టింది. గుండీలు గదంతా చెల్లాచెదురయ్యాయి. ఎవరూ పిల్లని ఆపలేదు, తప్పనలేదు. తల్లి కళ్ళకి అది మిగతా రోజుల్లో చూసే తుఫాను కాదు. పిల్ల కోపం మొదటిసారి న్యాయంగా, సూటిగా, తగలవలసిన మనిషికే తగిలింది. వదిన నేల మీద కూర్చుని, ఒక్కొక్క గుండీ ఏరుతూ, "తప్పయిపోయింది. చెప్పవలసింది. తప్పయిపోయింది" అంటూ ఉండిపోయింది.

రెండోసారి డాక్టరమ్మ దగ్గరికి నలుగురూ వెళ్ళారు. ఈసారి అతను బూట్లు చూసుకోలేదు. క్రితంసారి అబద్ధం చెప్పానని తనే మొదలుపెట్టాడు. వదిన తన మందు పేరు, మోతాదు, మొదట్లో పడ్డ ఇబ్బందులు అన్నీ చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు. ఆ తప్పు ఆ గదిలో ఆవిడకి రోజూ కనిపించేదే అయ్యుండాలి.

"మీకు సరిపడింది కాబట్టి పాపకీ సరిపడి తీరుతుందని కాదు. కానీ తెలియడం మంచిదైంది" అని, పిచ్చుక వైపు వంగింది. "నువ్వేమంటావు?"

అప్పటిదాకా ఎవరూ పిల్లని అడగలేదు. తనూ అడగలేదని తల్లికి అప్పుడే తట్టింది, సిగ్గేసింది.

"వేసుకుంటే నేను నాలాగే ఉంటానా?" అంది పిచ్చుక.

"ఉండాలి. ఉండకపోతే నాకు చెప్పు, మారుస్తాను."

"బళ్ళో చెప్తారా?"

"నేను చెప్పను. నువ్వు చెప్పుకోవాలనుకుంటే నీ ఇష్టం."

పిల్ల వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. "అయితే సగమే" అంది, బేరమాడుతున్నట్టు. "మొత్తం కాదు."

మర్నాడు పొద్దున ఆమె మాత్ర సగం చెయ్యబోయింది. పన్నెండేళ్ళలో ఎన్ని వేల మాత్రలు కోసిందో లెక్కలేదు. ఆ ఒక్కటీ మూడు ముక్కలై, కొంత పొడై, బల్ల మీద పడింది. తిట్టుకుంటూ ఇంకోటి తీసింది. అదీ సరిగ్గా రాలేదు గానీ, సగానికి దగ్గర.

మొదటి రెండు వారాలూ నరకమే. పిల్లకి కడుపునొప్పి, నిద్రలేమి. గాజుపెంకుల మీద నడుస్తున్నట్టు ఇల్లంతా నడిచింది. తొమ్మిదో రోజు ఆమె మిగతా మాత్రలన్నీ చెత్తబుట్టలో వేసి, మళ్ళీ ఏరుకుని, డాక్టరమ్మకి ఫోన్ చేసి ఆవిడ మీద అరిచింది. డాక్టరమ్మ అరుపంతా విని, రాత్రికి బదులు పొద్దుటే ఇస్తున్నారా, తిన్నాకే ఇస్తున్నారా, చనిపోవాలనే మాటలేమైనా అంటోందా అని ఒక్కొక్కటీ అడిగి, మర్నాడే రమ్మంది. వెళ్ళారు. చూసింది. కొనసాగించారు.

ఐదో వారంలో ఒక సాయంత్రం ఆమె పావుగంట ఆలస్యంగా వచ్చింది. పిచ్చుక వదిన ఇంటి మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. ఏడుస్తోంది, అంతే. చేతులు ఒళ్ళో ఉన్నాయి. "చచ్చిపోయావనుకున్నాను. తర్వాత, బస్సు రాలేదేమో అనుకున్నాను. తర్వాత మళ్ళీ చచ్చిపోయావనుకున్నాను" అంది. ఆ మధ్యలో వచ్చిన బస్సు ఆలోచనకి తల్లి ఆ మెట్ల మీదే కూర్చుండిపోయింది. మేజోళ్ళ కుట్టు మీద మాత్రం యుద్ధం అలాగే ఉంది. మేజోళ్ళు తిరగేసి తొడుక్కోమని డాక్టరమ్మ చెప్పింది.

మొగుడితో మాత్రం ఆమె అవసరానికి మించి మాట్లాడలేదు. ఉప్పుందా, ఉంది. తాళం ఎక్కడ, అక్కడ. అతను వారం వారం సెలవు పెట్టి పిల్లని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. అది ఆమె చూసింది. చూశానని చెప్పలేదు.

ఆరో వారం ఇద్దరూ పిల్లని తీసుకుని బడికి వెళ్ళారు. డాక్టరమ్మ ఇచ్చిన ఉత్తరం ప్రిన్సిపాల్ బల్ల మీద పెట్టింది ఆమె. పిల్లని తరగతిలోకి తీసుకోవాలి, నలుగురిలో లేపి చదివించకూడదు, ఊపిరాడనప్పుడు బయటికి వెళ్ళి కూర్చునే చోటు చూపించాలి, వెక్కిరింపులు ఆపించాలి. ప్రిన్సిపాల్ చివరిదాకా చదివి, కాగితం తిప్పి వెనక కూడా చూసింది.

"మందు మొదలుపెట్టారో లేదో ఇందులో లేదే?"

"లేదు."

"మొదలుపెట్టారా?"

"మీకు చెప్పను."

"అంటే?"

"అంటే చెప్పను. వేశామంటే అమ్మయ్య అనుకుని, పిల్ల ఏ మూల ఏడ్చినా మాత్ర వేసుకున్నావా అంటారు. వెయ్యలేదంటే గేటు వేస్తారు. మా పిల్ల కడుపులో ఏముందో మీకక్కర్లేదు. మీ తరగతిలో ఏం జరుగుతోందో నాకు కావాలి. ఒక పిల్లని పేరు పెట్టి ఏడిపిస్తుంటే టీచరు నవ్వింది. దానికి మీరేం మందు వేశారు?"

ప్రిన్సిపాల్ ఎర్రబడింది. "ఇలా మాట్లాడితే మేం చేర్చుకోలేం."

అప్పుడు అతను చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. అది ఆమెకీ తెలియదు. విద్యాశాఖ కార్యాలయానికి రాసిన ఫిర్యాదు. ఏ రోజు ఏం జరిగిందీ, ఎవరేమన్నదీ, ఎన్ని రోజులు గేటు బయట పెట్టిందీ, వరసగా అతని గుండ్రటి చేతిరాతలో ఉంది. "మీరు ఆ ఉత్తరం మీద సంతకం పెట్టి పిల్లని లోపలికి పంపిస్తే ఇది నా జేబులోనే ఉంటుంది. లేకపోతే ఇటునుంచి ఇటే వెళ్ళి ఇచ్చేస్తాను" అన్నాడు, ఇరుక్కున్న లిఫ్టు గురించి చెప్పినంత నింపాదిగా.

ప్రిన్సిపాల్ ఫిర్యాదు చదివింది. ఉత్తరం మీద సంతకం పెట్టింది.

పిచ్చుక తన చెయ్యి తండ్రి చేతిలోంచి విడిపించుకుని వరండా వెంట నడిచింది. తరగతి గుమ్మం దగ్గర ఆగి, రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలి, లోపలికి వెళ్ళింది. లోపల ఎవరో ఏదో అన్నారు. పిల్ల ఏం జవాబు చెప్పిందో వరండా దాకా వినబడలేదు. ఏమీ విసిరిన చప్పుడు మాత్రం రాలేదు.

బయట అతను స్కూటరు తీశాడు. ఆమె ఎక్కలేదు. షాపుకేసి నడవడం మొదలుపెట్టింది. అతను బండి ఆపేసి, తోసుకుంటూ పక్కనే నడిచాడు. రెండు వీధులు దాటాక ఆమె అంది, "ఆ కాగితం మొదటి రోజే రాసి ఉండాల్సింది."

"అవును" అన్నాడతను.

"ఆ రోజు డాక్టరమ్మ ముందు నోరు విప్పి ఉండాల్సింది."

"అవును."

"అవును అంటే పోయేది కాదిది."

"తెలుసు."

షాపు వచ్చేసింది. ఆమె కోటు తొడుక్కుని, కౌంటరు తలుపు ఎత్తి లోపలికి వెళ్ళి, వరసలో నిలబడి ఉన్న మొదటి మనిషి చేతిలోంచి చీటీ అందుకుంది.